తొక్క

పొద్దున నాలుగున్నరకు
నకిరేకల్ నిమ్మ మార్కెట్ల దిగినోళ్లు ఎవరైనా
గేటు కాడ ఒక్కసారి ఆగి ముక్కు పైకెత్తుతరు.
"అబ్బ!" అంటరు.
రెండేండ్ల సంది ఆ అబ్బను వింటనే ఉన్న గానీ
ఎందుకంటున్నరో నాకు తెల్వది.

బస్తాకింత అని చిట్టీ రాసే గుమస్తాను.
చెవి మీద పెన్ను, పెదవి మీద సిగరెట్.
పాట మొదలైతె ఒకటి, కాటా కాడ రెండు,
రేటు విన్న రైతు మొఖం చూడలేక ఇంకొకటి.
గట్టయ్య డబ్బాల లూజులకు వేరే నోటుబుక్కు.
అండ్ల కూడ నా చేతిరాతే.

మందుల షాపుల పనిచేసే పర్వీన్
నా దగ్గు విని విని ఒకనాడు
బొటనవేలంత సీసా కౌంటర్ మీద పెట్టింది.
"నిమ్మనూనె, పుదీన. దస్తీకి రెండు చుక్కలు.
పాణం గుంజినప్పుడు వాసన చూడు.
గుంజుడు ఎంతసేపుంటదనుకున్నవ్?
మూడు నాలుగు నిమిషాలు. దాటెయ్యాలె, అంతే."
రెండువందల నలభై.
నవ్విన నవ్వుకు దగ్గొచ్చింది నాకు.
మా మార్కెటోనికే నిమ్మ అమ్ముతవా పర్వీన్?
"అయితె మీదే వాడుకో" అన్నది,
సీసా వెనక్కి తీసుకొని.

ఆ మాటకు రోషమొచ్చి మొదలుపెట్టిన.
కాటా కింద దొర్లిన, ఎవరి లెక్కకూ రాని కాయ ఒకటి
జేబులేసుకున్న, లైటర్ పక్కన.
గుంజినప్పుడు గోరుతోని తొక్క గిచ్చాలె.
సన్నటి తుంపర లేస్తది, కంట్ల పడ్తె మంట.
పొగ పీల్చినట్టే పీల్చాలె,
ఛాతి నిండ, ఆపి, మెల్లగ వదిలి,
ఒక ట్రాలీ ఆటో దిగుమతి అయ్యేదాక.
ఒక్కోనాడు పదకొండు కాయలు గిచ్చిన.
గోర్ల కింద పచ్చగ పట్టింది.
అన్నం కలిపితె పప్పు చేదు.

పదమూడోనాడు పాట కిందికి పడ్డది.
చందుపట్ల జానయ్య
బస్తాలు తిప్పి తీస్కపోను కిరాయి లేక
రోడ్డు పక్కన కుమ్మరించి,
ఖాళీ సంచులు మడిచి చంకల పెట్టుకున్నడు.
ఆయన చిట్టీ చింపిన చేతుల్తోనే
గట్టయ్య డబ్బా వెనక వరుసగ రెండు తాగిన.
కుప్ప ఎదురుగనే ఉన్నది.
వేల కాయలు. ఒక్కటి అక్కరకు రాలే.
అబద్ధమెందుకు,
ఆనాడు ఏ వాసన ఎదురొచ్చినా ఆగకపోదును.

మళ్ల ఒకటి నుంచి లెక్క.

నెల దాటినంక ముక్కు తెరుసుకున్నది.
ముందు నిమ్మ రాలే. దిండొచ్చింది.
అయిదేండ్ల పొగ, తలనూనె, రాత్రుల దగ్గు.
ఆ గలీబు ఎన్నిసార్లు ఉతికిందో అమ్మ,
ఒక్క మాట అనలే.
తర్వాత తడిసిన గోనె, డీజిలు,
హమాలీ సైదులు భుజాల మీది చెమట,
మెత్తబడ్డ కాయల చుట్టు ముసిరే తీపి.
ముక్కు మూసుకుందామన్నంత.
పర్వీన్‌కు చెప్తె
"అవన్నీ మొదటి సంది ఉన్నయే" అన్నది.

ఇయ్యాల జానయ్య మళ్లొచ్చిండు.
ఆరే బస్తాలు.
మూతి కుట్టు తెంపంగనే
ఏదో నా మొఖానికి కొట్టింది,
సల్లగ, పదునుగ, నోట్ల నీళ్లూరేటట్టు.
నోట్లెకెల్లి "అబ్బ" అని వచ్చిందేమో.
ముసలాయన బెదిరిండు.
"ఏందయ్యా, తూకం తక్కువొచ్చిందా?"
"లేదు తాతా. మంచి వాసనొస్తున్నయ్."
నన్ను పైకీ కిందికీ చూసిండు.
"మరి గది గూడ రాయి, చిట్టీల."

పెన్ను కోసం జేబు తడిమితె
ముందు లైటర్ తగిలింది,
తర్వాత కాయ.